పాస్టర్ చెబితే ఓట్లు పడతాయా? పెంతెకొస్తు, కరిస్మాటిక్ సంఘాల రాజకీయ బలం అసలెంత?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: బ్రెజిల్, నైజీరియా, అమెరికా ఎన్నికల వార్తల్లో ఎక్కడ చూసినా పెంతెకొస్తు పాస్టర్లే కనిపిస్తున్నారు. నాయకులు వాళ్ళ చేత తలమీద చేతులు పెట్టించుకుని ప్రార్థన చేయించుకుంటున్నారు. వీళ్ళు నిజంగా ప్రభుత్వాలను నిలబెట్టి పడగొట్టగలరా, లేక ఇదంతా కెమెరాల ముందు హడావిడేనా?

సూటిగా చెబుతాను. చట్టసభలో కొన్ని సీట్లు గెలుచుకునే బలం వీళ్ళకు ఉంది. నచ్చని బిల్లును, నచ్చని పాఠాన్ని ఆపించే బలం అంతకంటే ఎక్కువ. దేశాధ్యక్షుణ్ణి తమ బలంతోనే గెలిపించుకునే శక్తి మాత్రం దాదాపు ఎక్కడా లేదు. ఎందుకో చెప్పాలంటే సంఘాల తీరుతోపాటు ఎన్నికల పద్ధతిని కూడా చూడాలి. నా లెక్కలో రెండోదానికే బరువెక్కువ.

ముందుగా, అన్ని సంఘాలనూ ఒకే గాటన కట్టొద్దు. 1906లో లాస్ ఏంజెలెస్ అజూసా వీధిలో విలియం సేమూర్ నడిపిన కూడికలతో ఊపందుకున్న పాత పెంతెకొస్తు సంఘాలు ఒక పాయ. 1960ల నుంచి పాత డినామినేషన్ల (క్రైస్తవ శాఖల) లోపలే పెరిగిన కరిస్మాటిక్ గుంపులు రెండో పాయ. కేథలిక్కుల్లో ఇది 1967లో పిట్స్‌బర్గ్ డ్యూకేన్ యూనివర్సిటీ వాళ్ళతో మొదలైంది. 1970ల తర్వాత పుట్టుకొచ్చిన స్వతంత్ర సంఘాలు మూడో పాయ. వీటికి ఒక వ్యవస్థాపకుడు, పెద్ద మందిరం, సొంత టీవీ, ఐశ్వర్యం గురించిన బోధ ఉంటాయి. ఆత్మ ప్రేరణతో తెలియని భాషలు మాట్లాడటం, ప్రార్థనతో స్వస్థత, ప్రవచనం ఈ మూడు పాయలకూ ఉమ్మడి. అమెరికా సర్వే సంస్థ ప్యూ రీసెర్చ్ సెంటర్ 2011లో వేసిన అంచనా ప్రకారం పెంతెకొస్తులు 27.9 కోట్లు, కరిస్మాటిక్‌లు 30.5 కోట్లు. అంటే ప్రపంచ క్రైస్తవుల్లో నాలుగో వంతుకు పైనే. రాజకీయాల్లో వినపడే చప్పుడులో ఎక్కువ భాగం మూడో పాయది.

పాత పెంతెకొస్తులు చాలాకాలం రాజకీయాల జోలికే పోలేదు. ప్రభువు రాకడ దగ్గరపడింది, ఈ లోక ప్రభుత్వాలతో మనకేం పని అనేది వాళ్ళ ధోరణి. ‘విశ్వాసి రాజకీయాల్లో తలదూర్చడు’ అనేది బ్రెజిల్ సంఘాల్లో బాగా నలిగిన మాట. 1986లో రాజ్యాంగ సభ ఎన్నికలు వచ్చేసరికి అదే నోళ్ళలో ‘సహోదరుడి ఓటు సహోదరుడికే’ అనే నినాదం పలికింది. కొత్త రాజ్యాంగంలో కేథలిక్కులకే పెద్దపీట పడుతుందన్న భయం, రేడియో, టీవీ లైసెన్సుల మీద ఆశ, రెండూ కలిసి ఆ మార్పు తెచ్చాయి. వాక్యం మారలేదు, దాన్ని చదివే సందర్భం మారింది.

పార్టీలు డబ్బు పోసి కొనుక్కునేవి సంఘానికి ఊరికే ఉంటాయి. వారానికి రెండు మూడుసార్లు మనుషులు ఒకచోట చేరతారు. పది పదిహేను ఇళ్ళకు ఒక ప్రార్థనా గుంపు, దానికొక నాయకుడు లేదా నాయకురాలు ఉంటారు. ఎవరింట్లో జబ్బు, ఎవరికి ఉద్యోగం పోయింది, ఎవరు పోయిన వారం రాలేదు అన్నీ వాళ్ళకు తెలుసు. దశమ భాగాలతో (సభ్యులు ఆదాయంలో ఇచ్చే పదో వంతుతో) నెలనెలా నిలకడగా డబ్బు వస్తుంది. మందిరానికి తీసుకొచ్చే బస్సు పోలింగ్ రోజు కూడా తిరగగలదు. బీదల వాడల్లో ప్రభుత్వ ఆఫీసు కంటే ముందు మందిరమే వెలుస్తుంది. ఐదేళ్ళకోసారి గుమ్మం తొక్కే పార్టీ కార్యకర్తకు ఈ అల్లిక ఏనాటికీ దొరకదు.

బోధ సంగతికొస్తే, కొన్ని సంఘాల్లో ‘ఆత్మీయ పోరాటం’ అన్న ఆలోచన రాజకీయాలకు పాకింది. దేశాల మీద, నగరాల మీద దురాత్మల పట్టు ఉంటుందని, ప్రార్థనతోపాటు పదవులతో కూడా దాన్ని విడిపించాలని చెబుతారు. అమెరికాలో లాన్స్ వాల్నావ్ వంటివారు ప్రచారం చేసే ‘ఏడు పర్వతాల’ బోధ ఇలాంటిదే. మతం, కుటుంబం, విద్య, ప్రభుత్వం, మీడియా, కళలు-వినోదం, వ్యాపారం అనే ఏడు శిఖరాల మీద విశ్వాసులు ఉండాలన్నది దాని సారం. దీనివల్ల కార్యకర్తల్లో పట్టుదల బాగా పెరుగుతుంది. ఎదుటివాణ్ణి దురాత్మ పక్షం అన్నాక వాడితో పొత్తు కుదరదు, బేరమూ కుదరదు, చట్టసభలో ఆ రెండూ లేకుండా పని జరగదు. అందుకే చేయి తిరిగిన సంఘాలు వేదిక మీద యుద్ధభాష వాడుతూ, కమిటీ గదిలో మామూలు పార్టీల్లాగే ఇచ్చిపుచ్చుకుంటాయి.

ఇక పద్ధతి దగ్గరకొద్దాం. దీన్ని బాగా చూపించే దేశం బ్రెజిల్. అక్కడ దిగువ సభలో 513 సీట్లు. ఒక్కో రాష్ట్రమంతా ఒకే నియోజకవర్గం, సీట్లు పార్టీలకు పడ్డ ఓట్ల దామాషాలో వస్తాయి. సావో పాలో రాష్ట్రానికే 70 సీట్లు. అక్కడ ఒక్కో సీటుకు పార్టీ జాబితా అంతటికీ కలిపి 3 లక్షల పైచిలుకు ఓట్లు కావాలి. ఆ జాబితాలో పైకి రావడానికి అభ్యర్థికి అంతకంటే చాలా తక్కువ ఓట్లు చాలు. ఆ ఓట్లు రాష్ట్రంలో ఏ మూల నుంచి వచ్చినా కలుస్తాయి. ఏ ఒక్క ఊళ్ళోనూ మెజారిటీ లేని సంఘం, ఊరికి నాలుగు వందల మంది చొప్పున వందల ఊళ్ళలో ఉంటే చాలు, సీటు కొట్టేస్తుంది.

ఎదిర్ మాసెదో 1977లో రియోలో పెట్టిన యూనివర్సల్ చర్చ్ ఈ లెక్కను ఒక శాస్త్రంలా వాడుకుంది. ముందు ప్రతి ప్రాంతంలో తమ సభ్యుల్లో ఎంతమందికి ఓటుందో చూస్తారు. దాన్నిబట్టి ఎంతమందిని నిలబెట్టాలో పైనున్నవాళ్ళు తేలుస్తారు. తర్వాత మందిరాలను అభ్యర్థులకు పంచుతారు. ఈ పది మందిరాలు ఫలానావారికి, ఆ పక్క పది ఇంకొకరికి. ఒకే మందిరంలో ఇద్దరి పేర్లు వినపడవు. బ్రెజిల్ ఓటింగ్ యంత్రంలో పేరు నొక్కరు, అంకెలు నొక్కుతారు. దిగువ సభ అభ్యర్థికి నాలుగంకెలు, అందులో మొదటి రెండు పార్టీవి. కాబట్టి విశ్వాసి గుర్తు పెట్టుకోవలసింది నాలుగంకెలే. గెలిచిన సీటు మనిషిది కాదు, సంఘానిది. మాట వినకపోతే, పరువు తీస్తే, వచ్చేసారి అవే మందిరాలు ఇంకొకరికి వెళతాయి. 1989లో కొన్న రెకార్డ్ టీవీ, 2005లో పుట్టి ఇప్పుడు రిపబ్లికానోస్ పేరుతో నడుస్తున్న పార్టీ ఈ అమరికకు మిగతా రెండు కాళ్ళు.

పాత పెంతెకొస్తు పాయకు చెందిన అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ సభ్యుల సంఖ్యలో దీనికంటే చాలా పెద్దది, అయినా ఇంత క్రమశిక్షణ చూపలేకపోయింది. అందులో ఎవరి కన్వెన్షన్ (సంఘాల సమాఖ్య) వాళ్ళది, ఎవరి పెద్ద వాళ్ళకున్నాడు. ఒకే ఊళ్ళో ఇద్దరు ముగ్గురు సహోదరులు పోటీపడి ఓట్లు చీల్చుకుంటారు. తలల సంఖ్య ఒకటే చూసి బలం అంచనా వేసేవాళ్ళు తప్పేది ఇక్కడే.

గెలిచిన సీట్లతో ఏం చేస్తారు? ఎక్కువగా ఆపుతారు. 2011 మేలో బ్రెజిల్ విద్యాశాఖ స్వలింగ సంపర్కుల పట్ల ద్వేషం తగ్గించేందుకు బడుల కోసం ఒక కిట్ తయారు చేసింది. అప్పుడే అధ్యక్షురాలు డిల్మా రూసెఫ్ కుడిభుజం పలోసీ ఆస్తుల మీద దుమారం రేగి ఉంది. కిట్ ఆపకపోతే పలోసీని సభకు పిలిపించే తీర్మానానికి ఓటేస్తామని ఎవాంజెలికల్ సభ్యులు (పెంతెకొస్తులు, వాళ్ళతో కలిసిన ఇతర ప్రొటెస్టెంట్లు) బెదిరించారు. డిల్మా కిట్ ఆపేశారు. సభలో వాళ్ళు మెజారిటీకి చాలా దూరం. సరైన రోజున, సరైన చోట నొక్కారు, పని జరిగింది. తమ సంస్థలకు లాభం తెచ్చుకోవడంలోనూ ఇదే నేర్పు చూపుతారు. 2022లో వచ్చిన 116వ రాజ్యాంగ సవరణ ప్రకారం అద్దె భవనంలో నడిచే మందిరానికి కూడా మునిసిపల్ ఆస్తిపన్ను ఉండదు.

ఎదుటి పార్టీ వామపక్షమా, కుడిపక్షమా అన్నది ఇక్కడ పెద్ద విషయం కాదని కూడా చెప్పాలి. యూనివర్సల్ చర్చ్ పార్టీ వామపక్ష డిల్మా కూటమిలోనే మంత్రి పదవులు అనుభవించింది. 2014లో సావో పాలోలో సొలొమోను మందిరం ప్రారంభానికి డిల్మా స్వయంగా వెళ్ళారు. రెండేళ్ళు తిరిగేసరికి ఆమెను పదవి నుంచి దించే ఓటులో ఆ పార్టీ ఆమెకు వ్యతిరేకంగా ఓటేసింది. 2018 అధ్యక్ష ఎన్నికల్లో మాసెదో కుడిపక్ష అభ్యర్థి బోల్సొనారోకు మద్దతు ప్రకటించారు.

ఇదే సరంజామా కార్యనిర్వాహక పదవి దగ్గర తడబడుతుంది. అక్కడ సగానికి పైగా ఓట్లు కావాలి. మాసెదో మేనల్లుడు, బిషప్ మార్సెలో క్రివెల్లా 2016లో రియో మేయర్‌గా గెలిచారు, 2020లో చిత్తుగా ఓడారు. నగరం నడపడం దగ్గరకొచ్చేసరికి ఆసుపత్రులు, జీతాలు, రోడ్లు ముందుకొచ్చాయి.

ఇంకా శుభ్రమైన ఉదాహరణ కోస్టారికా. 2018 జనవరిలో అంతర్ అమెరికా మానవ హక్కుల న్యాయస్థానం స్వలింగ వివాహాలకు అనుకూలంగా అభిప్రాయం చెప్పింది. అప్పటిదాకా ఎవరూ లెక్కచేయని సువార్త గాయకుడు ఫాబ్రిసియో అల్వరాడో దాన్ని వ్యతిరేకించి, ఫిబ్రవరి తొలి రౌండులో దాదాపు 25 శాతం ఓట్లతో మొదటి స్థానంలో నిలిచారు. ఆ రోజే ఆయన పార్టీకి సభలో 57కు 14 సీట్లొచ్చాయి, అంతకుముందు ఉన్నది ఒక్కటే. మొదటి ఇద్దరి మధ్య ఏప్రిల్‌లో జరిగిన రెండో రౌండులో మాత్రం ఆయనకు 39 శాతమే. తొలి రౌండులో 25 శాతం తెచ్చిన ప్రసంగమే రెండో రౌండులో మిగతావాళ్ళందర్నీ అవతలివైపు చేర్చింది. ఆ ఏడాది తిరక్కముందే పార్టీ కూడా చీలింది.

నైజీరియాలో ఇంకో మెలిక ఉంది. రిడీమ్డ్ క్రిస్టియన్ చర్చ్ ఆఫ్ గాడ్ పెద్ద ఈనాక్ అడెబోయె ముందు అధ్యక్షుడు గుడ్‌లక్ జోనాథన్ 2010 చివర్లో మోకరించిన ఫొటో ప్రపంచమంతా తిరిగింది. 2015లో అదే జోనాథన్‌ను ఓడించిన బుహారీ పక్కన ఉపాధ్యక్ష అభ్యర్థిగా నిలబడిన యెమి ఒసిన్‌బాజో ఆ సంఘంలోనే పాస్టర్! 2022లో సంఘం రాజకీయ వ్యవహారాలకు ప్రత్యేకంగా ఒక విభాగం పెట్టినప్పుడు, ఇదంతా ఒసిన్‌బాజోను అధ్యక్షుణ్ణి చేయడానికేనని చాలామంది అనుకున్నారు. జూన్‌లో అధ్యక్ష అభ్యర్థిని తేల్చే పార్టీ అంతర్గత ఎన్నికలో బోలా టినుబుకు 1,271 ఓట్లు, ఒసిన్‌బాజోకు 235. అక్కడ ఓటేసేది పార్టీ ప్రతినిధులు. ఆరాధనకు వచ్చే లక్షల మందికి ఆ గదిలోకి ప్రవేశమే లేదు. తర్వాత టినుబు ముస్లిం అయుండి ఉపాధ్యక్ష అభ్యర్థిగా కూడా ముస్లింనే ఎంచుకున్నారు, క్రైస్తవ సంఘాల సమాఖ్య గట్టిగా అభ్యంతరం చెప్పింది, 2023లో ఆయన గెలిచారు. ఆయన భార్య అదే రిడీమ్డ్ చర్చ్‌లో పాస్టర్ కావడం మరో విశేషం.

సంఘం పేరుతోనే పార్టీ పెడితే ఫలితాలు సాధారణంగా ఇంకా చప్పగా ఉంటాయి. ఫిలిప్పీన్స్‌లో జీసస్ ఈజ్ లార్డ్ చర్చ్ వ్యవస్థాపకుడు ఎడ్డీ విల్యనుయేవా 2004లో, 2010లో అధ్యక్ష పదవికి పోటీ చేసి రెండుసార్లూ ఐదో స్థానంలోనే ఆగిపోయారు. పెద్ద పెద్ద మందిరాలున్న దక్షిణ కొరియాలో క్రైస్తవ పార్టీలు సభలో దామాషా సీటుకు కావలసిన 3 శాతం గడప దగ్గరే ఆగిపోతూ వచ్చాయి.

చిన్న ఓటింగ్‌లో సంగతి వేరు. 1988లో అమెరికా రిపబ్లికన్ పోటీలో టీవీ బోధకుడు పాట్ రాబర్ట్‌సన్ అయోవాలో అప్పటి ఉపాధ్యక్షుడు బుష్‌ను మూడో స్థానానికి నెట్టి రెండోవారయ్యారు. అయోవా కాకస్ అంటే చలికాలం రాత్రి ఒక గదిలో కూర్చుని చెప్పే ఓటు. వచ్చేవాళ్ళు కొద్దిమంది, కట్టుగా వచ్చే గుంపుదే పైచేయి. పెద్ద రాష్ట్రాల ప్రైమరీలు (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే మామూలు పోలింగులు) మొదలయ్యాక ఆయన ప్రచారం చతికిలబడింది. మరుసటి ఏడు ఆయన పెట్టిన క్రిస్టియన్ కొయెలిషన్ ఆ పాఠాన్ని ఒంటబట్టించుకుని స్కూల్ బోర్డులు, పార్టీ స్థానిక కమిటీలు, ఎన్నికల ముందు ఆదివారం మందిరాల్లో పంచే ఓటరు గైడ్ల మీద పడింది. ఓటింగ్ శాతం ఎంత తగ్గితే కట్టుబడిన సంఘం విలువ అంత పెరుగుతుంది.

చట్టాల గురించి క్లుప్తంగా. బ్రెజిల్ 1997 ఎన్నికల చట్టం, తర్వాత వచ్చిన సవరణలతో కలిపి, మందిరాల్లో ప్రచారాన్ని, మతసంస్థల విరాళాలను నిషేధిస్తోంది. అయితే ‘మన సహోదరుణ్ణి ప్రార్థనలో పెట్టండి’ అని వేదిక మీదకు పిలిస్తే అది ప్రచారమా కాదా అన్నది తేల్చడం కష్టం. గ్వాటెమాలా రాజ్యాంగం 186వ అధికరణ మతబోధకులను అధ్యక్ష పదవికి అనర్హుల్ని చేసింది. అమెరికాలో 1954 జాన్సన్ సవరణ ప్రకారం పన్ను మినహాయింపు ఉన్న సంఘం అభ్యర్థిని బలపరచకూడదు. 1992లో క్లింటన్‌కు వ్యతిరేకంగా పత్రికల్లో ప్రకటన ఇచ్చిన న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక చర్చ్ మినహాయింపు పోగొట్టుకుంది, 2000లో అప్పీలు కోర్టు దాన్ని సమర్థించింది. ఇలాంటి చర్యలు అరుదు. పైగా 2025 జులైలో పన్నుల శాఖే, ఆరాధనలో సంఘం తన సభ్యులతో మాట్లాడే మాటలకు ఈ నిషేధం వర్తించదని కోర్టుకు చెప్పింది.

మీకు పనికొచ్చేది ఇదనుకుంటాను: ‘మా వెనుక పది లక్షల మంది ఉన్నారు’ అని ఎవరైనా అంటే ఎలా లెక్కగట్టాలి? ఈ కింది శాతాలు ఉదాహరణకే, ఆయా చోటి అంకెలు వేసుకోండి.

పది లక్షల్లో ఓటు వయసు రానివారు 35 శాతం అనుకుంటే 6.5 లక్షలు మిగులుతారు. రెండు మూడు సంఘాల్లో పేర్లున్నవాళ్ళు, మానేసినా పేరు కొట్టేయనివాళ్ళు, ఓటరు జాబితాలో లేనివాళ్ళు కలిపి 30 శాతం తీసేయండి, 4.5 లక్షలు. ఈ రెండో మెట్టునే అందరూ మరిచిపోతారు, కొత్త సంఘాల్లో వచ్చిపోయేవాళ్ళు మరీ ఎక్కువ. పోలింగ్ 65 శాతమైతే సుమారు 3 లక్షలు. వాళ్ళలో 60 శాతం పాస్టర్ చెప్పకపోయినా ఆ అభ్యర్థికే వేసేవాళ్ళు, వాళ్ళను పాస్టర్ ఖాతాలో వేయకూడదు. మిగిలిన 1.2 లక్షల్లో నాలుగో వంతు ఆయన మాట విని మనసు మార్చుకున్నారనుకుందాం. తేలింది 30 వేలు. అవి వంద నియోజకవర్గాల్లో చెల్లాచెదురైతే తలా 300, ఎందుకూ కొరగావు. ఒకే జాబితాలోనో, ఒకే నగరంలోనో పడితే ఫలితం మారిపోతుంది. చివరగా, ఆ ప్రకటన చూసి ఒళ్ళుమండి అవతలివైపు వెళ్ళేవాళ్ళను కూడా తీసేయాలి. కోస్టారికాలో దెబ్బ కొట్టింది అదే.

ఏయే చోట్ల చెడుతుందో కూడా చూడండి. డబ్బు కుంభకోణం మొదటిది. 2006లో బ్రెజిల్‌లో ఎంపీల నిధులతో అంబులెన్సులు ఎక్కువ ధరకు కొన్న వ్యవహారంలో చాలామంది ఎవాంజెలికల్ సభ్యుల పేర్లొచ్చాయి. ఆ ఏడాది ఎన్నికల్లో వాళ్ళ బృందం బాగా చిక్కిపోయింది. ‘మనవాడు నిజాయతీపరుడు’ అన్నదే పెట్టుబడి కాబట్టి ఆ దెబ్బ మామూలు పార్టీ కంటే లోతుగా తగులుతుంది. రెండోది ప్రవచనం. ఫలానావారే గెలుస్తారని దేవుడు చెప్పాడని ముందే ప్రకటిస్తే, ఓడినప్పుడు వెనక్కి తగ్గే దారి ఉండదు. 2020 అమెరికా ఎన్నికల తర్వాత కొందరు బోధకులు బహిరంగంగా క్షమాపణ చెప్పారు, చెప్పినందుకు సొంతవాళ్ళ చేతే తిట్లు తిన్నారు.

సంఘాలు అధికారంలో ఉన్నవాళ్ళకు ఎప్పుడూ వంత పాడతాయనీ అనుకోవద్దు. జాంబియాలో అధ్యక్షుడు ఫ్రెడరిక్ చిలుబా 1991 డిసెంబర్ 29న దేశాన్ని క్రైస్తవ దేశంగా ప్రకటించారు. పెద్ద సంఘాలతో ముందు మాట్లాడనే లేదు, పెంతెకొస్తు వర్గాలు మాత్రం సంబరపడ్డాయి. అదే చిలుబా 2001లో మూడోసారి పదవి కోసం రాజ్యాంగం మార్చబోతే కేథలిక్ బిషప్పులు, పాత ప్రొటెస్టెంట్ల మండలి, పెంతెకొస్తులు ఉన్న ఎవాంజెలికల్ ఫెలోషిప్ మూడూ లాయర్లతో, మహిళా సంఘాలతో కలిసి ఒయాసిస్ ఫోరం పెట్టి అడ్డుకున్నాయి. ఆయన విరమించుకున్నారు. ఇదీ ఆపే బలమే, ఈసారి అధికారంలో ఉన్నవాడికి వ్యతిరేకంగా.

సర్వేలు చదివేటప్పుడు ఒక జాగ్రత్త. ‘ఎవాంజెలికల్ ఓటు’ అన్న గడిలో పెంతెకొస్తులు, బాప్టిస్టులు, కొన్నిచోట్ల లూథరన్లు కూడా కలిసిపోతారు. బ్రెజిల్ 2022 జనగణనలో ఆ గడి 26.9 శాతం, అందరూ కరిస్మాటిక్‌లు కారు. మరోవైపు కేథలిక్ కరిస్మాటిక్‌లు అసలు ఆ గడిలోనే పడరు. అమెరికా పట్టికల్లో ‘తెల్లజాతి ఎవాంజెలికల్’ అని విడిగా ఉంటుంది, నల్లజాతి పెంతెకొస్తులు అందులో ఉండరు, వాళ్ళలో అత్యధికులు డెమోక్రాట్లకు వేస్తారు. మార్టిన్ లూథర్ కింగ్ 1968 ఏప్రిల్ 3న చివరి ప్రసంగం చేసిన మెంఫిస్ మేసన్ టెంపుల్ నల్లజాతి పెంతెకొస్తుల అతిపెద్ద సంఘానికి కేంద్ర మందిరం. కాబట్టి ఏ పట్టిక చూసినా ముందు ప్రశ్న ఎలా అడిగారో చూడండి: సంఘం పేరు అడిగారా, ‘భాషలు మాట్లాడతారా’ అని అడిగారా, ఎన్నాళ్ళకోసారి ఆరాధనకు వెళతారని అడిగారా. ఓటుతో ఎక్కువగా ముడిపడేది సాధారణంగా ఆ మూడోదే.